బెల్లం కింద ఇనుము

పోయిన వారం మనం నరసింగరావును నర్సింగ్ హోమ్ వరండాలో నిలబెట్టి వదిలేశాం. పాపం, ఆయన ఇంకా అక్కడే తిరుగుతున్నాడు. ఇప్పుడే కథలోకి అడుగుపెట్టినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం. నరసింగరావు భిలాయిలో ముప్ఫై మూడేళ్లు కాటా మీద లారీలు తూచి, రెండేళ్ల కిందట రిటైరైన మనిషి. కాపురం క్యాంప్ 1లో. ఆయన భార్య కన్నమ్మ మోకాలి నొప్పితో నెల రోజులు మంచం దిగలేదు. చివరికి ఎడమ పిక్క వాచి, ఎర్రబడి, దుర్గ్ వెళ్లే దారిలోని ఈ చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరింది. కాలి నరంలో రక్తం గడ్డకట్టిందన్నారు. ఆ గడ్డ పెరగకుండా ఉండేందుకు పొద్దున పదికి ఒకటి, రాత్రి పదికి ఒకటి, పొట్ట మీద ఇంజెక్షన్ ఇస్తున్నారు. మూడు రోజులు గడిచాయి. వాపు తగ్గాల్సింది పోయి పెరిగింది. గడ్డలో ముక్క ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే మనిషి దక్కదని కూడా చెప్పారు. ఇవాళ పొద్దున డాక్టర్ ఇంద్రాణి టేపుతో పిక్క కొలిచి, ఈ మందు ఎందుకు పట్టడం లేదో తనకు అర్థం కావడం లేదని చెప్పి, రాయపూర్ పంపే సంగతి ఆలోచిస్తానని వెళ్లిపోయింది. అక్కడ ఆపాం.

ఎందుకు పట్టడం లేదో నరసింగరావుకూ అర్థం కాలేదు. అర్థమయ్యే గడియ ఇప్పుడే వస్తోంది.

గోడ గడియారం తొమ్మిదింపావు చూపిస్తోంది. నరసింగరావు వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. మళ్లీ వచ్చాడు. కుండీలో మొక్కకు నీళ్లున్నాయో లేవో చూశాడు. చెప్పుల స్టాండు దగ్గర ఎవరివో చెప్పులు సర్దాడు. కూర్చోమని ఆయా రెండుసార్లు చెప్పింది. కూర్చున్నాడు, లేచాడు. మనిషి కాళ్లు ఆయన మాట వినడం మానేసి మూడు రోజులైంది.

కూతురు నీలిమ టిఫిన్ డబ్బా పట్టుకుని మెట్లెక్కింది. సుపేలాలో ఒక మందుల దుకాణంలో ఫార్మసిస్టు ఆ పిల్ల. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి కోపం వస్తే హిందీలోకి, ప్రేమ వస్తే తెలుగులోకి జారిపోతుంది. వార్డులోకి వెళ్లి తల్లిని చూసి వచ్చింది. కన్నమ్మ ఇంకా మత్తుగానే ఉంది. పిలిస్తే కళ్లు తెరిచి, ఇడ్లీ తెచ్చావా అని అడిగి, మళ్లీ రెప్పలు వాల్చేసింది.

మొదటి రోజు నిద్ర పట్టడానికి ఇచ్చిన మాత్ర ఆపేసి రెండు రోజులైంది కదా, ఇంకా మత్తేమిటని నరసింగరావు అడిగాడు. ఏదో ఒకటి అడగకపోతే ఆయనకు ఊపిరాడటం లేదు.

నీలిమ బెంచీ మీద కూర్చుని, తండ్రిని చెయ్యి పట్టి కూర్చోబెట్టి, నెమ్మదిగా చెప్పుకొచ్చింది. మందులన్నీ ఒళ్లంతా ఒకేలా పరుచుకోవట. కొన్నిటికి కొవ్వంటే ఇష్టం. అవి పోయి కొవ్వులో నక్కి కూర్చుంటాయి. లావుపాటి మనిషిలో వాటికి దాక్కునే చోటు ఎక్కువ. మాత్ర ఆపేసినా అవి రోజుల తరబడి కొద్దికొద్దిగా బయటికి వస్తూనే ఉంటాయి. అందుకే అమ్మకు మత్తు వదలడం లేదు. ఇంకొన్ని మందులు కొవ్వు జోలికే పోవు. అలాంటివి మొత్తం బరువు చూసి ఇస్తే మోతాదు ఎక్కువైపోతుంది. అందుకని ఒక మందుకు మనిషి మొత్తం బరువు చూస్తారు, ఇంకోదానికి కొవ్వు తీసేసి మిగతా ఒంటి బరువు చూస్తారు, మరోదానికి రెండిటికీ మధ్య ఏదో లెక్క కడతారు. లావుగా ఉన్నవాళ్లకు మందు ఇవ్వడం అందుకే తలనొప్పి వ్యవహారం.

నరసింగరావుకు ఇది వెంటనే ఎక్కింది. ముప్ఫై మూడేళ్లు ఆయన చేసిన పని అదే.

"అంటే ఒకదానికి లారీతో కలిపి తూయాల. ఒకదానికి లారీ తీసేసి సరుకే సూడాల. అంతేనేటి?"

"అంతే నాన్నా."

"మరి మీయమ్మకిచ్చే ఈ సూది?"

"అది లారీతో కలిపే. ఒక్కో కిలోకి ఇంత అని, మొత్తం బరువు మీద ఇస్తారు."

నరసింగరావు చేతిలోని స్టీలు గ్లాసు బెంచీ మీద పెట్టాడు. అది సరిగ్గా ఆనక కిందపడి వరండా అంతా దొర్లింది. తీయడానికి ఆయన లేవలేదు. మూడు రోజుల్లో ఆయన కదలకుండా కూర్చున్నది అప్పుడే.

నీలిమ గ్లాసు తీసి తెచ్చి ఎదురుగా నిలబడింది. తనకు నిన్నటి నుంచి ఒక అనుమానం పీకుతోందని చెప్పింది. నిన్న సాయంత్రం అమ్మను పక్కకు తిప్పడానికి తనూ, నర్సూ, ఆయా, ముగ్గురూ పట్టాల్సి వచ్చింది. ఫైల్లో చూస్తే ఎనభై నాలుగు కిలోలని ఉంది. ఆ లెక్కనే ఎనభై మిల్లీగ్రాముల సూది వేస్తున్నారు. ఆ బరువు ఎవరు తూచారని అడిగితే, ఎవరూ తూచలేదు, నిలబడలేని మనిషి కదా, ఇంటాయన చెప్పాడని నర్సు అంది. డ్యూటీ డాక్టర్ అనుమానపడి రెండోసారి అడిగాడట. తాను కాటాబాబునని, తూకం విషయంలో తన మాటకు తిరుగు లేదని ఇంటాయన గట్టిగా చెప్పాడట.

"నాన్నా, సచ్ సచ్ చెప్పు. నిజంగా అమ్మ ఎనభై నాలుగు ఉంటుందా?"

నరసింగరావు లేచి కొళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. కండువా భుజాన ఉన్న సంగతి మరిచి చొక్కాతోనే తుడుచుకున్నాడు.

ఆ ఎనభై నాలుగు ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలుసు. ఇంకొక్కడికే తెలుసు, హథ్‌ఖోజ్‌లో వెల్డింగ్ షాపు పెట్టుకున్న తిరుమలరావుకు.

ఆరేళ్ల కిందట కాటా దగ్గర వెనక్కి వస్తున్న ట్రాలీకీ గోడకీ మధ్య నరసింగరావు ఇరుక్కున్నాడు. తుంటి ఎముకలు నలిగాయి. నలభై రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, అందులో పది రోజులు ఉంటాడో పోతాడో తెలియదు. ఆ పది రోజుల్లో కన్నమ్మ నూకాలమ్మ తల్లికి మొక్కింది. మనిషి తన కాళ్ల మీద నడిచి ఇంటికొస్తే తన ఎత్తు బెల్లం తూగుతానని. మనిషి నడిచి వచ్చాడు. అనకాపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లు క్యాంపులో ఏనాడో కట్టుకున్న చిన్న గుడి ఉంది. అక్కడే తూగాలని నిశ్చయించారు. బెల్లం కూడా అనకాపల్లిదే కావాలని పట్టుబట్టి రైల్లో దుర్గ్ స్టేషనుకు తెప్పించింది కన్నమ్మ. తన బరువెంతో ఆమెకు తెలియదు. ఎనభై ఉండొచ్చనుకుంది. ఇంకో నాలుగు కిలోలు కలిపి ఎనభై నాలుగు తెప్పించింది.

తిరుమలరావు ఇనప గొట్టాలతో త్రాసు చేసి తెచ్చాడు. కన్నమ్మ పసుపు చీర కట్టుకుని ఒక పళ్లెంలో కూర్చుంది. రెండో పళ్లెంలో బెల్లం దిమ్మలు పేర్చారు. ఎనభై నాలుగు కిలోలూ పెట్టేశారు. కన్నమ్మ పళ్లెం నేల వదల్లేదు. డప్పులవాళ్లు కొడుతూ కొడుతూ నెమ్మదించారు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో అందుకున్నారు. బెల్లం అయిపోయిందా, ఇంకో బండి పంపమందామా అని ఒక గొంతు హిందీలో అంది. కన్నమ్మ తల వంచుకుంది. వంచుకున్న తల ఎత్తకుండా, గొలుసు పట్టుకున్న చేతి వైపే చూస్తూ కూర్చుంది.

నరసింగరావు ముందుకొచ్చాడు. పళ్లెం వంకరగా ఉంది, సరిచెయ్యాలి, ఒక్క నిమిషం దిగమన్నాడు. బెల్లం దించేశారు. త్రాసు కాళ్లు కదలకుండా తిరుమలరావు తెచ్చి పెట్టిన ఇనప పలకలు మూడుంటే, జనానికి వీపులు అడ్డంపెట్టి ఇద్దరూ అవి తీసి పళ్లెం అడుగున వేశారు. వాటి మీద కొత్త పసుపు గుడ్డ పరిచారు. ఆ గుడ్డ మీద బెల్లం మళ్లీ పేర్చారు. కన్నమ్మ మళ్లీ కూర్చుంది. ఈసారి పళ్లెం గాల్లోకి లేచింది. డప్పులు దద్దరిల్లాయి. ఎనభై నాలుగు కిలోలని పూజారి గట్టిగా చెప్పాడు. కన్నమ్మ ఏడుస్తూ నవ్వింది. ఆ నవ్వు కోసం నరసింగరావు ఇంకో మూడు పలకలైనా వేసేవాడు.

మర్నాడు మాత్రం ఉండబట్టలేక తిరుమలరావు షాపుకు వెళ్లి ఆ పలకలు తూచాడు. వృత్తి అలాంటిది. ఇరవై ఏడు కిలోలు. ఆ అంకె మింగేశాడు. బయటికి మాత్రం ఎవరడిగినా ఎనభై నాలుగే చెప్పాడు. చెప్పగా చెప్పగా ఆయనకే అది నిజమై కూర్చుంది. ఉద్యోగంలో ఒక్కనాడు దొంగ తూకం రాయని మనిషి, ఆసుపత్రిలో అడిగేసరికి తడుముకోకుండా అదే చెప్పాడు.

కొళాయి దగ్గరే, నీళ్లు కారుతున్న మొహంతో, ఇదంతా కూతురికి చెప్పేశాడు. నీలిమ కొళాయి కట్టేసింది. కోప్పడుతుందేమోనని ఆయన చూశాడు. ఆ పిల్ల కోప్పడలేదు, డాక్టరు దగ్గరికి నడువు అని మాత్రం అంది. దానికే ఆయనకు మరీ భయమేసింది.

డాక్టర్ ఇంద్రాణి అంతా విన్నది. ఒక పెద్ద ఇంజనీరుగారి అమ్మాయి, ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్లుండే సెక్టార్లలో పెరిగింది, మాట మెత్తన. కాగితం మీద ఏవో అంకెలు వేసి, వాటిని చూస్తూ చాలాసేపు పెన్ను ఆడించింది. మందు పట్టకపోవడం కాదని, ముప్పాతిక వంతు కూడా అందడం లేదని ఇప్పుడు ఆమెకు తేటపడింది. తప్పు ఒక్కరిది కాదంది. మంచంలో దుప్పటి కప్పుకుని ఉన్న మనిషిని చూసి, ఫైల్లో అంకెను నమ్మి, తూయించకుండా వదిలేసింది తానే కదా అంది.

నరసింగరావుకు ఊపిరి తిరిగింది. ఎనభై నాలుగుకు ఇరవై ఏడు కలిపితే నూట పదకొండు, ఆ లెక్కన ఇవాళే ఇచ్చేయండి, మా ఆవిడకు ఈ సంగతి చెప్పక్కర్లేదు కదా అన్నాడు. ఆ చివరి మాట అనేటప్పుడు గొంతు బాగా తగ్గించాడు.

ఇంద్రాణి తల అడ్డంగా ఊపింది.

"నరసింగరావు గారూ, అది ఆరేళ్ల కిందటి బరువు. తక్కువిస్తే గడ్డ పెరుగుతుంది. అంచనా మీద ఎక్కువిస్తే లోపల ఎక్కడో రక్తం కారడం మొదలవుతుంది. ఇవాళ్టి బరువు ఇవాళే కావాలి నాకు."

కానీ ఎలా? నర్సింగ్ హోమ్‌లో ఉన్న మిషను నూట ఇరవై దాటి చూపించదు. దాని మీద నిటారుగా నిలబడాలి కూడా, కన్నమ్మ కాలు నేల మీద ఆన్చలేదు. చివరికి నరసింగరావే చెప్పాడు. తిరుమలరావు షాపులో తుక్కు తూచే ప్లాట్‌ఫారం కాటా ఉంది, అర టన్ను దాకా లాగుతుంది, చక్రాల కుర్చీతో సహా ఎక్కించేయొచ్చు. ఆ మాట అంటుంటే ఆయన కళ్లు నేల మీదే ఉన్నాయి. తుక్కు తూచే కాటా మీద కన్నమ్మను ఎక్కించాలి. ఎందుకో ఆమెకు చెప్పకుండా అది కుదరదు.

నీలిమ తిరుమలరావుకు ఫోను చేసింది. పది దాటింది. కొత్త లెక్క తేలేదాకా సూది ఆపమని ఇంద్రాణి నర్సుకు చెప్పింది, ఎక్కువ ఆలస్యం చేయలేనని కూడా నరసింగరావుకు చెప్పింది. అమ్మకు తాను చెప్పనా అని నీలిమ అడిగింది. ఆయన వద్దన్నాడు. వార్డు తలుపు దాకా వెళ్లాడు. వెనక్కి వచ్చి మంచినీళ్లు తాగాడు. మళ్లీ వెళ్లాడు. ఈసారి లోపలికి అడుగుపెట్టాడు.

ఆరు మంచాల వార్డు. కన్నమ్మది కిటికీ పక్కది. మత్తు కొంచెం విడిచినట్టుంది, తలగడకు ఆనుకుని కూర్చుంది.

"ఏటి బావా, మొగం అలాగెట్టుకున్నావు? కాలు తీసెత్తామన్నారేటి?"

కాదన్నాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇనప పలకల దగ్గర మొదలుపెట్టాడు, అక్కడి నుంచి వెనక్కి వెళ్లి నవ్విన జనం గురించి చెప్పాడు, మళ్లీ ముందుకొచ్చి సూది గురించి చెప్పాడు. అంతా కలగాపులగం. అయినా కన్నమ్మకు అర్థమైంది.

"ఎన్ని కేజీలు?"

"ఇరవై ఏడు."

"నీ పేణం కోసం మొక్కినాను బావా. నా ఎత్తు బెల్లం ఇత్తానన్నాను గాని, జనం నవ్వకుండా ఉండే ఎత్తు ఇత్తానన్లేదు."

నరసింగరావు స్టూలు ముందుకు జరుపుకున్నాడు. ఆమె ఏడిస్తే ఓదార్చడానికి, తిడితే పడటానికి సిద్ధమై వచ్చాడు. ఇది రెండూ కాదు.

"నవ్వుతున్నారే ఆళ్లు. నాకినబడింది. నువ్వు తలొంచేసుకున్నావు. నాను సూడలేకపోయినాను."

"నవ్వితే నవ్వనీ. నాను నిన్ను దక్కించుకున్నాను, ఆళ్లు నవ్వుకున్నారు. ఎవుళ్ల పని ఆళ్లది."

ఆ తర్వాత మొహం గోడ వైపు తిప్పేసుకుంది. అమ్మవారికి బాకీ పడింది ఎవరి ప్రాణం మీదో ఆమె చెప్పనక్కర్లేదు. ఆరేళ్లుగా తాను తింటున్న తిండి, నడుస్తున్న నడక, అన్నీ ఆ మూడు పలకల పూచీ మీద నడుస్తున్నాయని నరసింగరావుకు తోచింది. ఆయన దేవుళ్లను అంతగా పట్టించుకునే మనిషి కాడు. అయినా బాకీ అంటే ఏమిటో ఆయనకు తెలుసు. ఆమె చెయ్యి పట్టుకుందామని చెయ్యి చాచి, పట్టుకోవడానికి ధైర్యం చాలక, దుప్పటి అంచు సర్దాడు.

బయట టెంపో ఆగిన చప్పుడైంది. గోడ వైపు తిరిగే కన్నమ్మ అంది.

"కాటా లోనికి తెమ్మను."

తిరుమలరావు ఇద్దరు మనుషుల చేత కాటా దింపించి, వార్డు మధ్యలో పెట్టించాడు. కన్నమ్మ వైపు చూడలేక, కాటా కాళ్లు సరిగా ఆనాయో లేదో చూస్తూ వంగే ఉన్నాడు. బాగున్నావా వొదినా అన్న మాట కూడా కాటాకే చెప్పాడు. మిగతా అయిదు మంచాల వాళ్లూ, వాళ్ల చుట్టాలూ లేచి కూర్చున్నారు. ఒకావిడ కొడుకును పిలిచి మరీ చూపించింది.

నరసింగరావు ముందుగా ఖాళీ కుర్చీ ఎక్కించాడు. దాని మీద వేసే దిండు, కాలి కింద పెట్టే తలగడ కూడా పెట్టించి తూచాడు. ఇవి తరవాత చూసుకోవచ్చుగా అని నర్సు విసుక్కుంది. ముందు ఈ ఖాళీ బరువు, అంటే టేర్, తీసేయకుండా బరువు చెప్పడం తన ఉద్యోగంలో లేదన్నాడు. మూడు రోజులుగా నిలకడ లేని ఆయన చేతులు కాటా ముట్టుకోగానే కుదురుకున్నాయి.

నలుగురు పట్టి కన్నమ్మను కుర్చీలోకి దించారు. కుర్చీని నెమ్మదిగా కాటా మీదికి తోశారు. అంతలో నరసింగరావు కన్నమ్మ మంచం మీది దుప్పటి లాగి, రెండు చేతులా పట్టుకుని, వార్డుకూ కన్నమ్మకూ మధ్య తెరలా నిలబడ్డాడు. ఆయనకు తెలియకుండానే ఆ పని జరిగిపోయింది.

"ఆ దుప్పటి తీసీ బావా," అంది కన్నమ్మ. "ఒకపాలి కప్పినావు, సాలు."

ఆయన చేతులు దించాడు. దుప్పటి మడత పెట్టకుండా అలాగే గుండెకు అదుముకుని, వంగి, కాటా మీది ఎర్ర అంకెలు చూశాడు. అవి కాసేపు అటూ ఇటూ ఆడి నిలబడ్డాయి. అప్పుడు ఆయన ముప్ఫై మూడేళ్లు లారీ డ్రైవర్లకు వినిపించిన గొంతుతో చదివాడు.

"గ్రాస్ నూట నలభై ఏడున్నర. టేర్ పద్దెనిమిదిన్నర. నెట్ నూట ఇరవై తొమ్మిది."

ఎవరూ నవ్వలేదు. కొడుకును పిలిచి చూపించిన ఆవిడే, అమ్మా, నీ కాలు తొందరగా నయం కావాలి అని హిందీలో అంది. కన్నమ్మ ఆవిడకు తల ఊపింది. తల ఎత్తుకునే ఊపింది. నరసింగరావు కళ్లు తుడుచుకోవడానికి ఆ దుప్పటే పనికొచ్చింది.

ఇంద్రాణి అంకె రాసుకుంది. కిడ్నీ రిపోర్టు మరోసారి తిరగేసింది, అది బాగానే ఉంది. ఎనభై కొట్టేసి నూట ముప్ఫై అని వేసి, కింద గీత గీసింది. సూది ఇచ్చిన నాలుగు గంటలకు రక్తం తీసి రాయపూర్ పంపాలని, మందు ఎంత పనిచేస్తోందో అప్పుడు అంకెల్లో తెలుస్తుందని నీలిమకు చెప్పింది. నీలిమ మొహంలో మూడు రోజుల తర్వాత కాస్త రంగు కనిపించింది. తిరుమలరావు టీ చెప్పడానికి బయటికి వెళ్లాడు. పదకొండున్నరైంది. మందు ఒక సిరంజిలో చాలక, నర్సు రెండు సిరంజిలు సిద్ధం చేసింది. కన్నమ్మ పొట్ట మీద దూదితో తుడిచి, మొదటి సూది మూత తీసింది.

కన్నమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"డాక్టరమ్మా, ఒక్క నిమిషం ఆగండి. ఈయన తన మాట సెప్పీసినాడు. నా మాట ఒకటి ఉండిపోయినాది."

ఇంకో చేతిని తలగడ గలీబులోకి పోనిచ్చి చేతిరుమాలు మూట ఒకటి బయటికి తీసింది. ముడి విప్పింది. లోపల అయిదు గొట్టం మాత్రలున్నాయి. సగం ఆకుపచ్చ, సగం తెలుపు. వాటి మీద పేరు లేదు, ఒక్క అక్షరం లేదు.

ఏడు నెలల కిందట మోకాలి నొప్పికి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అక్కడి మిషను ఎక్కించారట. ముల్లు నూట ఇరవై దాకా పోయి, ఇంక పోవడానికి చోటు లేక ఆగిపోయిందట. ఎనభై నాలుగు నుంచి అంత పెరిగిపోయానని తనలో తాను కుమిలిపోయింది. మొగుడికి చెప్పలేదు, కూతురికి చెప్పలేదు. వెనక వీధిలో ఒకావిడ బరువు తగ్గే మందని ఇస్తుంటే తీసుకుని, పొద్దునొకటి సాయంత్రమొకటి మింగుతోంది. ఇక్కడికొచ్చాక కూడా మానలేదు. ఇవాళ పొద్దున కూడా వేసుకుంది. చేరిన సాయంత్రం, వేరే మందులేమైనా వాడుతున్నావా అని డాక్టరు అడిగితే లేదంది. బరువెంతని అడిగితే నరసింగరావు ఎనభై నాలుగని చెబుతుంటే, అబద్ధమని తెలిసీ కళ్లు మూసుకుని పడుకుంది. తాను పెరిగిన సంగతి ఆయనకు తెలియదనుకుంది.

ఇదంతా డాక్టరుకే చెప్పింది. చివరి మాట మాత్రం మొగుడి వైపు తిరిగి చెప్పింది.

"ఆ ఎనభై నాలుగుకి మళ్లీ దిగిపోదారనే మింగినాను బావా. నానెప్పుడూ లేని బరువుకి."

నరసింగరావు మంచం కోడు పట్టుకున్నాడు. ఇంద్రాణి ఒక గొట్టం విప్పి, లోపలి పొడిని తెల్ల కాగితం మీద ఒంపింది. బూడిద రంగు పొడి. వాసన చూసింది. వెలుతురులో పెట్టి చూసింది. ఇది రక్తాన్ని పలచన చేసేదో, చిక్కబరిచేదో, గుండెను పరుగెత్తించేదో చూసి చెప్పడం ఎవరివల్లా కాదంది. నీలిమ ఆ కాగితం మీదికి వంగి, సీసా మీద పేరుంటుంది, సీసా ఎక్కడుందమ్మా అని అడిగింది. మూత తీసిన సూది చేతిలో పట్టుకుని నర్సు, ఇవ్వమంటారా, ఆపమంటారా అని డాక్టరును అడిగింది.

కన్నమ్మ మొగుడినే చూస్తోంది. షుగరొచ్చిన దగ్గర్నుంచి ఆయన వంటింట్లో ముట్టుకోని డబ్బా ఒక్కటే ఉంది.

"బెల్లం డబ్బాలో ఉన్నాది బావా," అంది. "బెల్లం కింద."